కాంటెస్సా 1.5కి ఇసుజు 1.8 ఇంజన్: బాడీ కోయకుండా మార్చే పద్ధతి, విశాఖ గాలికి తగిన జాగ్రత్తలతో

మన దేశంలో తయారైన కార్లలో మజిల్ కారు (బలమైన ఇంజన్ ఉన్న పెద్ద కారు) అనే మాటకు దగ్గరగా వచ్చినది హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సానే. పొడుగాటి బానెట్, వెనక చక్రాల డ్రైవ్, వాక్స్‌హాల్ విక్టర్ నుంచి వచ్చిన బాడీ. లోపం ఒక్కటే. 1984లో వచ్చిన తొలి బండ్లలో పెట్టింది అంబాసిడర్‌లోని 1,489 సీసీ (1.5 లీటర్ల) బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. అంత బరువున్న బండికి సుమారు 50 హార్స్‌పవర్ ఏ మూలకూ సరిపోదు. తర్వాత కంపెనీయే 1,817 సీసీ (1.8 లీటర్ల) ఇసుజు ఇంజన్, అయిదు గేర్ల గేరుబాక్సు పెట్టి 80 పైచిలుకు హార్స్‌పవర్ అందించింది. పాత 1.5 బండిలోకి ఆ 1.8 ఇంజన్ ఎక్కించడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం.

మొదటి నుంచి చివరి దాకా ఒకే నియమం పెట్టుకోండి. బాడీ రేకు కోయకూడదు, ఛాసిస్ పట్టీకి కొత్తగా వెల్డింగ్ పెట్టకూడదు. ప్రతి భాగమూ బోల్టుతో బిగియాలి, బోల్టు విప్పితే ఊడి రావాలి. ఈ నియమం వల్ల రెండు లాభాలున్నాయి. కోయడానికి వీల్లేనప్పుడు కొలతలు సరిగ్గా తీసుకోక తప్పదు. రెండోది, ఎప్పుడు కావాలన్నా పాత ఇంజన్ మళ్ళీ ఎక్కించుకోవచ్చు. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మారకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు వస్తుంది. 1984 కాంటెస్సాకు 2034లో యాభై నిండుతాయి. అప్పటికి అసలు ఇంజన్ ఇంట్లో ఓ మూలన ఉందో, తుక్కులోకి పోయిందో అన్నది పెద్ద తేడా.

ముందు కాగితాలు

ఇంజన్ కొన్నాక ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళడం తలకిందుల పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారే ఏ మార్పుకైనా రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. మార్పు చేశాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే జపాన్ నుంచి వచ్చిన పెద్ద ఇంజన్ల జోలికి పోకుండా, అదే కంపెనీ అదే బండికి పెట్టిన ఇంజన్ ఎంచుకోమంటున్నాం. అప్పుడైనా అనుమతి హక్కుగా రాదు, అధికారి నిర్ణయమే. విశాఖలో అయితే మాధవధార ఆర్టీఏ ఆఫీసుకు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఇంజన్ కొనబోయే చోటు వివరాలు పట్టుకెళ్ళి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.

కాంటెస్సాల తయారీ 2002లో ఆగిపోయింది కాబట్టి రోడ్డు మీదున్న ప్రతి కాంటెస్సాకూ 15 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. అయిదేళ్ళ రెన్యూవల్ గడువు ఎప్పుడుందో చూసుకోండి. ఇంజన్ విప్పి పడేసిన నెలలోనే ఆ గడువు ముగిస్తే రెండు పనులూ ఇరుక్కుంటాయి. ఇన్సూరెన్స్ కంపెనీకీ మార్పు రాతపూర్వకంగా తెలపాలి.

పాత ఇంజన్ కొనేటప్పుడు బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్‌సీ నకలు తీసుకోండి. నంబరు పడిన చోట గ్రైండర్ గీతలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. దొంగ బండి అవునో కాదో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాహన్ సమన్వయ్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ఇంజన్ ఒక్కటే కొనకండి

గాజువాక ఆటోనగర్‌లో గానీ, కంచరపాలెం వైపు గానీ అడిగితే ఇంజన్ ఒక్కదానికి తక్కువ ధర చెబుతారు. అది చవకగా కనిపించే ఖరీదైన బేరం. ఇంజన్‌తో పాటు గేరుబాక్సు, బెల్ హౌజింగ్, ఫ్లైవీల్, క్లచ్ సెట్, రెండు వైపుల మౌంట్ బ్రాకెట్లు, గేరుబాక్సు కింది క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్, ఫ్యాన్, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), సెల్ఫ్ మోటర్, ఆల్టర్నేటర్, కార్బురేటర్, యాక్సిలరేటర్ కేబుల్, ఎగ్జాస్ట్ ముందు పైపు, టెంపరేచర్, ఆయిల్ సెండర్లు (మీటర్లకు రీడింగు పంపే సెన్సర్లు), వైరింగ్ చివరి కనెక్టర్లు అన్నీ ఒకే బండివి కావాలి. పది రూపాయల బ్రాకెట్ దొరక్క నెలలు పోయే పని ఇది. 1990ల్లో అంబాసిడర్‌కూ ఇదే కుటుంబపు 1.8 ఇసుజు వచ్చింది. అంబాసిడర్ నుంచి వచ్చిన ఇంజనైతే సంప్ ఆకారం, మౌంట్ బ్రాకెట్లు, ఫ్యాన్ నుంచి రేడియేటర్ దూరం ఊహించుకోకుండా టేపు పెట్టి కొలవండి.

వీలైతే నడుస్తున్న ఇంజనే చూడండి. వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టి గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) చూస్తే ఒక్కో సిలిండర్‌కు 140 నుంచి 170 పీఎస్‌ఐ రావాలి. అంకె కంటే తేడా ముఖ్యం. ఎక్కువకూ తక్కువకూ మధ్య పది శాతం దాటకూడదు. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయని, పెరక్కపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో పోయిందని. వేడి మీద ఆయిల్ ప్రెజర్ ఐడిల్‌లో 15 పీఎస్‌ఐకి తగ్గకూడదు, 3,000 ఆర్‌పీఎం దగ్గర 40 దాటాలి. తగ్గితే బేరింగులు మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఎలాగూ ఇంజన్ బయటే ఉంటుంది కాబట్టి వెనక క్రాంక్ సీలు, టైమింగ్ చైన్ టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, వెల్చ్ ప్లగ్గులు (బ్లాక్ రంధ్రాలు మూసే బిళ్ళలు) కొత్తవి వేసేయండి. బిగించాక వెనక సీలు కారితే గేరుబాక్సు మొత్తం మళ్ళీ దించాల్సిందే.

దించే ముందు

నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. కొత్త ఇంజన్ ఎక్కాక ముందు భాగం ఎంత కుంగిందో ఈ అంకెలే చెబుతాయి. వెనక ఇరుసు రేషియో (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్న అంకె) కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి రెండోదాన్ని జాకీతో లేపండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సున్నంతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ తిరిగిన చుట్లే మీ రేషియో. ఈ అంకె ఎందుకంటే, చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లు, రేషియో 4.5 అనుకుంటే నాలుగో గేరులో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 25 కిలోమీటర్ల వేగం వస్తుంది. అంటే 80లో వెళ్ళడానికి ఇంజన్ 3,150 దాకా తిరగాలి. అదే 3.9 అయితే 2,750 చాలు. 1.5 ఇంజన్ బండిని లాగలేక పెట్టుకున్న పొట్టి రేషియోతోనే వదిలేస్తే కొత్త ఇంజన్ హైవే మీద ఊరికే అరుస్తుంది. అయిదో గేరు కొంత ఆదుకుంటుంది. సరిపోదనిపిస్తే 1.8 బండి ఇరుసు వెతకండి. అదీ బోల్టులతో మారేదే.

కూలెంట్, ఆయిల్ వదిలి, బ్యాటరీ, పెట్రోల్ పైపు విప్పి, ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు చుట్టి దాని మీద పేరు రాయండి. ఇంజన్, గేరుబాక్సు కలిపి లేపడానికి ఒక టన్ను చైన్ బ్లాక్, గట్టి గేంట్రీ కావాలి. ఉయ్యాల కోసం పోర్టికో స్లాబులో పోసిన కొక్కానికి చైన్ బ్లాక్ తగిలించకండి. ఆ కొక్కెం అలాంటి బరువుకు వేసింది కాదు. కింద మనుషులు ఉంటారు.

పాత ఇంజన్ బోల్టులన్నీ విడిగా ఒక డబ్బాలో పెట్టి మూత బిగించండి. బీఎంసీ ఇంజన్‌వి అంగుళాల మరలు, ఇసుజువి మిల్లీమీటర్ మరలు. 5/16 యూఎన్‌ఎఫ్ బోల్టు ఎం8 రంధ్రంలో మొదటి రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, మూడో చుట్టుకు మర చీరేస్తుంది. అల్యూమినియం భాగంలో అయితే ఇక హెలికాయిల్ (చెడిన రంధ్రంలో కూర్చోబెట్టే కొత్త మర చుట్ట) వేయించడమే గతి.

ఉప్పుగాలి చేసిన పని

విశాఖలో ఏళ్ళ తరబడి తిరిగిన బండికి, అందులోనూ బీచ్ రోడ్డు పక్క వీధుల్లో ఆరుబయట నిలిపిన బండికి, ఇంజన్ కింద దాగిన రేకు ఎలా ఉంటుందో ఇంజన్ దించాకే తెలుస్తుంది. చిన్న సుత్తితో ఛాసిస్ పట్టీల పొడవునా, సస్పెన్షన్ క్రాస్ మెంబర్ బిగిసే చోట, బ్యాటరీ ట్రే కింద తట్టుకుంటూ పోండి. గంటలా మోగితే మంచిది. మొద్దుగా పలికితే స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కండి. దిగబడితే ఆ చోట పాత రేకు మందంతోనే టింకరింగ్ చేయించి, తర్వాతే ముందుకు వెళ్ళాలి. ఇది మరమ్మతు, కొత్త మార్పు కాదు. కుళ్ళిన పట్టీకి కొత్త ఇంజన్ బిగిస్తే టార్క్ పెరిగిన కొద్దీ మౌంట్ దగ్గర చీలిక వస్తుంది.

తుప్పు గీకే ముందు మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పు మిగిలిన రేకు మీద ప్రైమర్ కొడితే ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి. తర్వాత వైర్ బ్రష్, జింక్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్, పైన రెండు పూతల పెయింట్. గొట్టపు పట్టీల లోపలికి క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. పెయింట్ పని ఎండ ఉన్న పూట పది దాటాక పెట్టుకోండి. తెల్లారగట్ల రేకు మీద కంటికి కనిపించని తేమ ఉంటుంది.

మౌంట్లు, కోణాలు

పని అంతటికీ ఇదే గుండెకాయ. 1.8 బండి బ్రాకెట్లు మీ బండికి సరిగ్గా కూర్చుంటే సంతోషం. కూర్చోకపోతే కొత్త బ్రాకెట్ చేయించాలి, ఛాసిస్ మీది రంధ్రాలు మాత్రం పాతవే వాడాలి. ముందుగా అట్టతో, తర్వాత 3 మి.మీ. రేకుతో నమూనా చేసి, ఇంజన్‌ను గొలుసుల మీద వేలాడదీసి చుట్టూ ఖాళీలు చూడండి. బ్లాక్ చుట్టూ 25 మి.మీ., ఫ్యాన్‌కు రేడియేటర్‌కు మధ్య 25, సంప్‌కు స్టీరింగ్ లింకులకు మధ్య 20. రబ్బరు మౌంట్ల మీద ఇంజన్ ఊగుతుంది కాబట్టి ఇవి నిలకడగా ఉన్నప్పటి కనీస కొలతలు. బానెట్ కింద చోటు కనుక్కోవడానికి ఎయిర్ క్లీనర్ మీద గోధుమపిండి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి. నొక్కుకుపోయిన ముద్ద మందమే ఖాళీ. 20 మి.మీ.కి తగ్గితే ఎయిర్ క్లీనర్ మార్చాలి, బానెట్ కోయకూడదు.

బ్రాకెట్ 6 మి.మీ. ఎం.ఎస్. ప్లేటుతో, మూలల్లో త్రికోణపు గసెట్లతో చేయించండి. వెల్డింగ్ అంతా బల్ల మీదే, బండి మీద కాదు. బోల్టులు 8.8 గ్రేడు జింక్ పూతవి. తల మీద అంకె లేని బోల్టు మౌంట్లకు వాడకండి. ఎం10 అయితే 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే 80 దాకా టార్క్ పానాతో బిగించండి.

ఇప్పుడు కోణం. గేరుబాక్సు వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగిసే పళ్ళెం) వాలు, ఇరుసు పినియన్ ఫ్లాంజ్ వాలు ఫోన్‌లోని లెవెల్‌తోనే కొలవవచ్చు. బండి చక్రాల మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు. రెండు ఫ్లాంజులూ ఒకదానికొకటి సమాంతరంగా, తేడా ఒక డిగ్రీ లోపే ఉండాలి. ప్రతి క్రాస్ (యూనివర్సల్ జాయింట్) దగ్గర షాఫ్ట్ కోణం ఒకటి నుంచి మూడు డిగ్రీలు ఉండాలి. సున్నా కోణమూ మంచిది కాదు, క్రాస్ లోని సూది బేరింగులు తిరగక ఒకేచోట గుంట పడతాయి. కోణం తప్పితే 60 దాటగానే సీటు కింద గూ అని మోత వస్తుంది. దాన్ని చక్రాల బ్యాలెన్సింగ్ అనుకుని డబ్బు పోసేవాళ్ళు చాలామంది. గేరుబాక్సు క్రాస్ మెంబర్ కింద షిమ్ ప్లేట్లు వేసి సరిచేయండి. షాఫ్ట్ పొడవు మారితే లేత్ మీద కోయించి, డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయించాలి. స్లిప్ యోక్ (గేరుబాక్సులోకి జారే షాఫ్ట్ ముందు కొన) పూర్తిగా లోపలికి తోసినప్పటి కంటే 20 నుంచి 25 మి.మీ. బయట ఉండేలా పొడవు చూసుకోండి. లేకపోతే గతుకులో ఇరుసు లేచినప్పుడు గేరుబాక్సు వెనక బేరింగును గుద్దుతుంది.

ఇంజన్, గేరుబాక్సు జత చేసే ముందు క్రాంక్ వెనక రంధ్రంలో స్పిగాట్ బుష్ (గేరుబాక్సు షాఫ్ట్ ముందు కొనను పట్టే చిన్న బుష్) ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ఇది మరిచిపోతే బండి నడుస్తుంది, కొన్నాళ్ళకు గేరుబాక్సు ముందు బేరింగు పోతుంది. కారణం మళ్ళీ అంతా విప్పాకే దొరుకుతుంది. క్లచ్ తొక్కినా రివర్స్ గేరు గరగరమంటే స్లేవ్ సిలిండర్ (క్లచ్‌ను విడదీసే సిలిండర్) ప్రయాణం చాలడం లేదన్నమాట. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ బోరు 5/8 నుంచి 3/4 అంగుళానికి మారిస్తే ప్రయాణం 44 శాతం పెరుగుతుంది, పెడల్ కూడా ఆ మేరకు బరువెక్కుతుంది.

వేడి

పాత 1.5 రేడియేటర్ చాలు అనేవాళ్ళ మాట వినకండి. డిసెంబరులో చాలినది మే నెల ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో చాలదు. 1.8 రేడియేటర్ దొరక్కపోతే మీ పాత ట్యాంకులకే రాగి, ఇత్తడి మూడు వరుసల కోర్ వేయించండి. పాత కోర్ దాచుకోండి. ష్రౌడ్ లేని ఫ్యాన్ పక్కల గాలినే తిప్పుతుంది, రేడియేటర్ లోంచి లాగదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే 92 డిగ్రీలకు తిరిగి 87కి ఆగే థర్మో స్విచ్, 30 ఆంపియర్ల రిలే, 4 చదరపు మి.మీ. వైరు కావాలి. రేడియేటర్ మూత 13 పీఎస్‌ఐది. ఆ ఒత్తిడిలో నీళ్ళు 120 డిగ్రీల దగ్గరగానీ మరగవు.

బోరు నీళ్ళు పోయకండి. సున్నం పేరుకుని కోర్ గొట్టాలు మూసుకుపోతాయి. డీమినరలైజ్డ్ నీళ్ళు, కూలెంట్ సగం సగం. నింపేటప్పుడు బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచి, మూత తీసి ఐడిల్‌లో థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడపండి. పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, మట్టం కిందికి దిగుతుంది, అప్పుడు మళ్ళీ నింపాలి. టెంపరేచర్ మీటర్‌కు, సెండర్‌కు జత కుదరకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. సెండర్‌ను మరిగే నీళ్ళలో ముంచి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసి, డయల్ మీద అదే వంద అని గుర్తు పెట్టుకోండి.

పెట్రోల్, కరెంటు

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్క్ గ్యాస్కెట్లు ఇథనాల్‌కు మెత్తబడి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 ముద్ర ఉన్న గొట్టం, విటాన్ రబ్బరు సీళ్ళు వాడండి. ఇథనాల్ తేమను లాగుతుంది, మన ఊరి గాలిలో తేమకు కొదవలేదు. కాబట్టి టాంకు దించి లోపలి తుప్పు కడిగించి, పంపుకు ముందు ఫిల్టర్ పెట్టండి. కార్బురేటర్‌కు 3 నుంచి 4 పీఎస్‌ఐ చాలు. ఎలక్ట్రిక్ పంపు అంతకు మించి తోస్తే నీడిల్ వాల్వు ఆగలేక పెట్రోల్ పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది. అలాంటి పంపుకు రెగ్యులేటర్, ఆయిల్ ప్రెజర్ లేకపోతే పంపును ఆపే స్విచ్ తప్పనిసరి. పెట్రోల్ పైపుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య 50 మి.మీ. కనీస దూరం. కొత్త ఇంజన్‌కు ఎగ్జాస్ట్ ఏ వైపు వస్తుందో చూసి, మాస్టర్ సిలిండర్‌కు దగ్గరైతే మధ్యలో వేడి తగలకుండా రేకు కవచం బిగించండి.

కరెంటు కష్టాల్లో చాలా వరకు ఎర్త్ దగ్గరే పుడతాయి. ఇంజన్ రబ్బరు మీద కూర్చుంది కాబట్టి ఇంజన్ నుంచి బాడీకి విడిగా లావు అల్లిక స్ట్రాప్ వేయాలి. మరిచిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటంతా యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది. ఎర్త్ చోట పెయింట్ గీకి, నక్షత్రపు వాషర్ వేసి బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ బ్లాక్‌కు మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టు దాటకూడదు, పాజిటివ్ వైపు 0.5. ఛార్జింగ్ 13.8 నుంచి 14.4 వోల్టులు. పాయింట్ల ఇగ్నిషన్ అయితే కాయిల్‌కు బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించేది) కావాలో వద్దో కాయిల్ మీదే చదవండి. కావలసినదానికి పెట్టకపోతే కాయిలూ పాయింట్లూ కాలిపోతాయి.

మొదటి స్టార్ట్, తర్వాత ఘాట్ రోడ్డు

ప్లగ్గులు తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ ప్రెజర్ ముల్లు లేచే దాకా పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్. ముల్లు లేచాకే ప్లగ్గులు, కాయిల్ వైరు బిగించి స్టార్ట్ చేయండి. పక్కన ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో నిలబడాలి. టైమింగ్ లైటుతో టైమింగ్ సరిచేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా ఐడిల్‌లో ఉంచండి.

మొదటి రోజు వీధి దాటకండి. రెండో రోజు భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద 60, 70, 80లో మోత వింటూ వెళ్ళి రండి, స్పీడోమీటర్‌ను ఫోన్ జీపీఎస్‌తో పోల్చండి. తర్వాత సింహాచలం కొండ రెండో గేరులో ఎక్కండి. ముల్లు 95 దాటి ఎక్కుతూనే ఉంటే రేడియేటర్ చాలలేదని అర్థం, దిగిపోండి. బ్రేకులు దిగేటప్పుడు చూసుకోవాలి. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్ తేమ పట్టింది, డాట్ 4 కొత్తది నింపండి. ఇంజన్ బలం పెరిగింది కాబట్టి ముందు బ్రేకులు పూర్తి కొత్త లైనింగుతో ఉండాలి. అనంతగిరి మీదుగా అరకు ఘాట్ అన్నిటికంటే చివర, 500 కిలోమీటర్లు తిరిగాకే.

50 కిలోమీటర్లకు, మళ్ళీ 500కు మౌంట్, ప్రొపెల్లర్, ఎగ్జాస్ట్ బోల్టులు టార్క్ చూడండి. 500కు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ముందు ఎత్తు అంకెలు పాతవాటితో పోల్చి, 15 మి.మీ. పైగా తేడా ఉంటే స్ప్రింగులు చూడాలి.

దించిన బీఎంసీ ఇంజన్‌ను నేల మీద పెట్టకండి. ప్రతి సిలిండర్‌లో 30 మిల్లీలీటర్ల ఆయిల్ పోసి, పోర్టులన్నీ టేపుతో మూసి, చెక్క దిమ్మల మీద ఉంచి ప్లాస్టిక్ పట్టా చుట్టండి. లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలం ముందు మార్చండి. మూడు నెలలకోసారి ప్లగ్గులు తీసి పానాతో క్రాంక్ రెండున్నర చుట్లు తిప్పండి, పిస్టన్లు వేరే చోట ఆగుతాయి. యూఎన్‌ఎఫ్ బోల్టుల డబ్బా, పాత రేడియేటర్ కోర్, పాత మౌంట్లు కూడా ఆ పట్టా కిందే పెట్టండి.